ఒకే రిజిస్టరులో ఇద్దరి పేర్లు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా గాంధీనగర్‌లో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు పోడు భూముల గురించో, రిజర్వేషన్ల గురించో మాట్లాడతానని నిర్వాహకులు అనుకుని ఉంటారు. రిజర్వేషన్ల సంగతి చివర్లో కొంత చెబుతాను. ఈరోజు నేను ఎంచుకున్న విషయం మాత్రం మన సభల్లో ఎవరూ ఎత్తనిది. మగవాడిని ఇష్టపడే మగవాడు, ఆడపిల్లను ఇష్టపడే ఆడపిల్ల, ఇద్దరి మీదా మనసు పోయేవాళ్లు, పుట్టినప్పుడు రాసిన ఆడ, మగ అన్న గడిలో ఇమడని ట్రాన్స్‌జెండర్లు. వీళ్లను చూసినప్పుడు జనానికి ఏమనిపిస్తుంది, మనకు ఏమనిపిస్తుంది అన్నదే నా అంశం.

వెనక వరుసలో కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పులేదు. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మాట్లాడుకుందాం.

"ఆదివాసీ సభలో ఈ గొడవ ఎందుకు సార్?" అని మీరు అడగొచ్చు. దానికి జవాబు 1871లో ఉంది. గ్రూప్స్‌కు చదివేవాళ్లందరికీ నేరస్థ తెగల చట్టం పేరు తెలుసు. క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్, 1871. బిట్ ప్రశ్నగా చదివి వదిలేస్తాం. ఆ చట్టాన్ని తెరిచి చూస్తే రెండు భాగాలు కనిపిస్తాయి. మొదటి భాగం పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన తెగల గురించి. రెండో భాగం అప్పటి పాలకులు నపుంసకులని పిలిచినవాళ్ల గురించి, అంటే హిజ్రాల గురించి. ఇద్దరికీ ఒకటే చట్టం, ఒకటే పద్ధతి. పేర్లు రిజిస్టరులో రాయి, కదలికల మీద కన్నేసి ఉంచు.

రెండో భాగంలో ఏముందో చెబుతాను. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, అసహజ నేరాలు చేస్తారనో అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, ఇళ్లు రిజిస్టరులోకి ఎక్కించాలి. అలా పేరెక్కిన మనిషి ఆడవేషంలో వీధిలో కనిపించినా, నలుగురిలో ఆడినా, వాయించినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. దత్తత తీసుకునే హక్కు లేదు, వీలునామా రాసే హక్కు లేదు. నేరం రుజువు కావడంతో దీనికి పనిలేదు, అనుమానం చాలు.

మొదటి భాగం ఎలా పనిచేసిందో మన పెద్దలకు బాగా తెలుసు. ఉత్తరాదిలో మొదలైన ఆ చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. యెరుకలవాళ్లు, యానాదుల్లో కొన్ని గుంపులు ఠాణాకు వెళ్లి హాజరీ వేయించుకోవాల్సి వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. నిజాం రాజ్యంలో బంజారాలు ఎడ్ల మీద సరుకులు మోసి బతికినవాళ్లు. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ బతుకు పోయాక వాళ్లకు దొంగలన్న ముద్ర ఎలా పడిందో ప్రొఫెసర్ భంగ్యా భుక్యా పరిశోధనలో వివరంగా ఉంది. చదవనివాళ్లు చదవండి.

హిజ్రాల విషయంలో మన హైదరాబాద్ రాజ్యం సొంతంగా ఒక చట్టం చేసుకుంది. ఫసలీ 1329, అంటే 1919లో. అందులోనూ అవే మాటలు: రిజిస్టరు, పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం, ఆడవేషంలో కనిపిస్తే వారంటు లేని అరెస్టు, రెండేళ్ల జైలు.

ఇప్పుడు రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1952 ఆగస్టు 31న నేరస్థ తెగల చట్టం రద్దయింది. విముక్త దినంగా మనం జరుపుకునే రోజు అదే. హైదరాబాద్ హిజ్రాల చట్టం చెల్లదని తెలంగాణ హైకోర్టు చెప్పింది 2023 జూలై 6న. వైజయంతి వసంత మొగ్లి మరి ఇద్దరితో కలిసి 2018లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద, అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ఇచ్చిన తీర్పు అది. మన పేర్లు రిజిస్టరు నుంచి తీసేశాక వాళ్లు ఇంకో 71 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. ఆ 71 ఏళ్లలో మనలో ఎవరమైనా వాళ్ల గురించి ఒక్క మాట అన్నామా? నాకు తెలిసి లేదు. వాళ్లూ మనమూ ఒకే చట్టం కింద నలిగామన్న సంగతే మనకు చెప్పినవాళ్లు లేరు.

చట్టం పోయినంత మాత్రాన అనుమానం పోదు. అందుకే ఇప్పుడు మనసులో మాటలకు వస్తాను. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది భయం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు లేచింది గుర్తుందా? ఆ ఏడాది మే నెల చివర్లో మన హైదరాబాద్‌లోనే, చాంద్రాయణగుట్టలో, భిక్షాటనకు వచ్చిన ట్రాన్స్ మహిళల మీద గుంపు పడింది. ఒకరు చనిపోయారు. 1871లో కాగితం మీద రాసిన అనుమానమే 147 ఏళ్ల తర్వాత సెల్‌ఫోన్‌లో తిరిగి ప్రాణం తీసింది. నెల తిరిగేసరికి, జూలై 1న, మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో అదే పుకారుతో అయిదుగురిని కొట్టి చంపారు. వాళ్లు ఎవరో తెలుసా? పొట్టకూటికి ఊళ్లు తిరిగే నాథపంథీ డవరి గోసావి అనే సంచార జాతి మనుషులు. ఒకే పుకారు, ఒకే నెల వ్యవధి, అక్కడ హిజ్రా, ఇక్కడ సంచార జాతి. ఊరిలో దొంగతనం జరిగితే పోలీసులు ముందు తండాకో గూడేనికో ఎందుకు వస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నొప్పి తెలిసినవాళ్లం మనం.

"కానీ సార్, సిగ్నళ్ల దగ్గర, ఫంక్షన్ల దగ్గర వాళ్లు డబ్బులు గుంజుతారు కదా" అని ఒక తమ్ముడు ఇందాక టీ తాగుతుండగా నాతో అన్నాడు. దౌర్జన్యం చేసినవాళ్ల మీద కేసు పెట్టండి, చట్టం ఉంది. ఒక మనిషి చేసిన పనికి ఆ జాతి మొత్తాన్ని దోషి అనకండి. ఆ లెక్క మన మీద ఎలా పనిచేసిందో ఇప్పుడే చెప్పుకున్నాం.

రెండోది నవ్వు. ఇక్కడికి నడిచే దూరంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ఉంది. దశాబ్దాలుగా ఆ థియేటర్లలో మనం చూసిన కామెడీలో రెండు పాత్రలు ఉండేవి. ఒకటి ఈకలు పెట్టుకుని, వచ్చీరాని తెలుగు మాట్లాడే కోయదొర. రెండోది చీర కట్టి, మీసాలతో, హీరో స్నేహితుడి వెంటపడే పాత్ర. మొదటిదాన్ని చూస్తే మనకు కడుపు మండేది. రెండోదాన్ని చూసి మనమూ విజిల్ వేశాం. "తేడా", "పాయింట్ ఫైవ్", "ఆడంగి" అన్న మాటలు అక్కడి నుంచే గదుల్లోకి వచ్చాయి. "లంబాడోడు" అన్న మాటను ఎవరైనా తిట్టుగా వాడితే కాలర్ పట్టుకుంటారే, అదే రూమ్‌లో "తేడాగాడు" అన్న మాటకు ఎందుకు నవ్వుతారు? ఎదుటి మనిషికి తగిలే దెబ్బ రెండు చోట్లా ఒకటే.

మూడోది భక్తి. ఇది మన తెలంగాణలో ప్రత్యేకం. బోనాల్లో, ఎల్లమ్మ దగ్గర, మల్లన్న దగ్గర శివసత్తులు ఊగుతుంటే, వాళ్లలో ఆడవేషం కట్టిన మగ శరీరాలు కూడా ఉంటాయి. ఆ గంటసేపు అందరూ కాళ్లకు మొక్కుతారు, భవిష్యత్తు అడుగుతారు. తెల్లారి అదే మనిషి గది అద్దెకు అడిగితే ఇవ్వరు. ఇది మనకు కొత్తగా ఉందా? రెండేళ్లకోసారి మేడారంలో సమ్మక్క గద్దెకెక్కే వేళ కోయ పూజారుల ముందు లక్షల మంది తల వంచుతారు. జాతర అయ్యాక ఆ కోయ బిడ్డ పట్నానికి వస్తే? నేను చదువుకోవడానికి వచ్చిన రోజుల్లో ఈ వీధుల్లోనే టు-లెట్ బోర్డు చూసి తలుపు కొడితే, ఇంటిపేరు చెప్పగానే "గది నిన్ననే ఇచ్చేశాం బాబూ" అన్న ఇళ్లు ఉన్నాయి. బోర్డు మాత్రం వారం తర్వాత కూడా వేలాడుతూనే ఉండేది. మొక్కడం వేరు, పక్కింట్లో ఉండనివ్వడం వేరు.

నాలుగోది పరువు. భయం, నవ్వు బయటివాళ్లవి. పరువు ఇంట్లోది, అందుకే అన్నిటికన్నా బరువైనది. కొడుకు మగవాడిని ఇష్టపడుతున్నాడని తెలిస్తే "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అంటారు. పెళ్లయ్యాక వాడి బతుకూ కుదరదు, ఏ పాపం తెలియని ఆ అమ్మాయి బతుకూ కుదరదు. కూతురు ఇంకో అమ్మాయిని ఇష్టపడుతుందంటే ఫోన్ లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు, సంబంధం చూసేస్తారు. చాటుగా కొట్టడం, భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోవడం, డాక్టరు చేత మందులిప్పించడం కూడా జరుగుతాయి. ఇది రోగం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తన రోగాల జాబితా నుంచి తీసేసింది. దీన్ని "నయం" చేస్తామని చికిత్స చేయడం వృత్తిపరమైన తప్పు అని మన నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో డాక్టర్లకు చెప్పింది. ఇంట్లో పెద్దలకు ఈ రెండు ముక్కలు చెప్పగలిగింది చదువుకున్న మీరే.

"ఇవన్నీ పట్నం పోకడలు, మన తండాల్లో, గూడేల్లో ఇలాంటివాళ్లు లేరు" అనే పెద్దలకు ఒక లెక్క చెబుతాను. 2011 జనగణనలో ఆడ, మగ కాకుండా "ఇతరులు" అన్న గడి మొదటిసారి పెట్టారు. దేశం మొత్తం మీద 4,87,803 మంది అందులో నమోదయ్యారు. వాళ్లలో 33,293 మంది షెడ్యూల్డ్ తెగలవాళ్లు. ఇల్లు తిరిగే ఎన్యూమరేటర్‌కు ఇంటి పెద్ద చెప్పిన లెక్క ఇది. చెప్పనివాళ్లు ఎందరో మీరే ఊహించుకోండి. గే, లెస్బియన్, బైసెక్సువల్ వాళ్లకైతే ఆ ఫారంలో గడే లేదు. ఇంకో అంకె చూడండి. ఆ "ఇతరుల"లో అక్షరాస్యత 56 శాతం. అదే జనగణనలో షెడ్యూల్డ్ తెగల అక్షరాస్యత 59 శాతం. దేశం మొత్తానికి 73 శాతం. బడికి దూరమైన రెండు గుంపులు ఎంత దగ్గరగా ఉన్నాయో చూశారా? ఊళ్లో మీకు వాళ్లు కనిపించకపోతే, లేరని కాదు, వెళ్లిపోయారని. కొందరు ఇదే నగరంలో, ఇవే వీధుల్లో, మీ పక్క గదుల్లో ఉన్నారు. ఈ హాల్లో కూడా ఉండొచ్చు.

అలాగే ఇది విదేశీ జబ్బు అనేవాళ్లూ ఉన్నారు. విరాటపర్వంలో బృహన్నల మన చిన్నపిల్లలకూ తెలుసు. ఒకే లింగం వాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసిన 377 సెక్షన్ మాత్రం 1860లో బ్రిటిష్‌వాళ్లు రాసిన శిక్షాస్మృతిలోది. ఇష్టంతో కలిసిన పెద్దవాళ్లకు అది వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. మనల్ని నేరస్థులన్నదీ, వాళ్లను నేరస్థులన్నదీ ఒకే దొర. దొర వెళ్లిపోయాక కూడా దొర మాట మన నోట్లో ఎందుకుండాలి?

ఇక మంచి మార్పు కూడా చెప్పాలి. నారాయణగూడ ఇక్కడికి ఎంత దూరం? 2021 జనవరిలో ట్రాన్స్‌జెండర్ల కోసం, వాళ్లే సిబ్బందిగా నడిచే సమగ్ర క్లినిక్ దేశంలో మొదటిసారి అక్కడే మొదలైంది. పేరు మిత్ర్ క్లినిక్. మామూలు ఆసుపత్రిలో ఏ లైన్‌లో నిలబడాలో తెలియక, అందరూ తేరిపార చూస్తుంటే జ్వరానికి కూడా వైద్యం మానుకున్నవాళ్లు ధైర్యంగా వెళ్లిన చోటు అది. 2025 జనవరిలో అమెరికా నిధులు ఆగిపోయి మూతపడింది. అదే ఏడాది టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది.

మన ఆదిలాబాద్ రిమ్స్‌లో ఎంబీబీఎస్ చదివిన డాక్టర్ ప్రాచీ రాథోడ్ సంగతి తెలుసుకోండి. ఆమె ట్రాన్స్ మహిళ. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్లు పనిచేశాక, సంగతి తెలిసి పేషెంట్లు రారని ఉద్యోగం తీసేశారని ఆమే చెప్పారు. తర్వాత నారాయణగూడ క్లినిక్‌లో వైద్యం చేశారు. 2022లో ఆమె, డాక్టర్ రూత్ జాన్ పాల్ ఇద్దరూ ఉస్మానియా ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. తెలంగాణ ప్రభుత్వ సర్వీసులో మొదటి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వాళ్లే. 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్లు హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులకు అసిస్టెంట్లుగా రోడ్డెక్కారు. నిన్నటిదాకా సిగ్నల్ దగ్గర చెయ్యి చాచిందని మనం కారు అద్దం ఎక్కించుకున్న మనిషే, యూనిఫాంలో చెయ్యెత్తితే ఆగుతున్నాం. మనిషి మారలేదు, ఇచ్చిన పని మారింది. మన మనసు దాని వెనకే మారింది.

ఇప్పుడు మీకు ఇష్టమైన రిజర్వేషన్ల దగ్గరికి వస్తాను. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడినవాళ్లుగా చూసి రిజర్వేషన్ ఇవ్వమంది. 2023 తీర్పులో మన హైకోర్టు కూడా విద్య, ఉద్యోగాల్లో రిజర్వేషన్ గురించి, ఆసరా పింఛన్ గురించి రాష్ట్రానికి ఆదేశాలిచ్చింది. ఎలా ఇవ్వాలన్నదే చిక్కు. మధ్యప్రదేశ్ 2023లో వాళ్లను ఓబీసీ జాబితాలో చేర్చింది. అప్పుడు గోండు ఇంట్లో పుట్టిన ట్రాన్స్ బిడ్డ సంగతి ఏమిటి? ఓబీసీలో పోటీ పడితే ఎస్టీ హక్కు వదులుకోవాలి. ఎస్టీలో పోటీ పడితే ట్రాన్స్‌జెండర్‌గా పడిన కష్టానికి లెక్కలేదు. కర్ణాటక 2021లో వేరే దారి పట్టింది. 1 శాతం హారిజాంటల్ రిజర్వేషన్. అంటే మహిళలకు, వికలాంగులకు ఉన్నట్టే ప్రతి కేటగిరీ లోపలా కొంత. ఎస్టీ అభ్యర్థి ఎస్టీగానే ఉంటూ ఆ అవకాశం పొందవచ్చు. వర్టికల్, హారిజాంటల్ తేడా, రోస్టర్ పాయింట్లు నాకన్నా మీకే బాగా తెలుసు. ట్రాన్స్‌జెండర్ సంఘాలు హారిజాంటల్ కావాలని అడుగుతున్నాయి. మన గిరిజన సంఘాలు కూడా ఆ గొంతుకు తోడవ్వాలి. అది పరాయివాళ్ల కోసం కాదు. మన 33 వేల మంది కోసం. ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో మనమూ కూర్చున్నాం, వాళ్లూ కూర్చున్నారు. ఇప్పటిదాకా వేరువేరు టెంట్లలో.

చివరగా మీ గదుల్లో చేయగలిగినవి కొన్ని. ఎవరైనా ధైర్యం చేసి తన సంగతి మీతో చెప్పుకుంటే ఆ మాట మీ దగ్గరే ఆగాలి. గ్రూపులో పెట్టడం, ఊళ్లో అమ్మానాన్నలకు ఫోన్ చేయడం ప్రాణాల మీదికి తెస్తుంది. వాళ్లు ఏ పేరుతో, ఎలా పిలవమంటే అలా పిలవండి. హాస్టల్లో ఈ కారణంతో ఏడిపించడం కూడా ర్యాగింగే, 2016లో యూజీసీ నిబంధనల్లో చేర్చారు. రూమ్‌మేట్ తిండి మానేసి, మాట మానేసి ముడుచుకుపోతే పక్కన కూర్చోండి. టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. "నువ్వు గదిలో ఉండు, అద్దెలో నీ వాటా నువ్వివ్వు, చదువుకో" అన్న మామూలు మాట కొన్నిసార్లు ఒక ప్రాణాన్ని నిలబెడుతుంది.

మీరు చిక్కడపల్లి లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే లైన్ కడతారు. అశోక్‌నగర్‌లో నోటిఫికేషన్ల కోసం ఏళ్లు ఎదురుచూస్తారు. మీలో కొందరు రేపు ఎస్సైలవుతారు, తహసీల్దార్లవుతారు, హాస్టల్ వార్డెన్లవుతారు, పంచాయతీ కార్యదర్శులవుతారు. ఒక ట్రాన్స్ మనిషి ఫిర్యాదు పట్టుకుని ఠాణాకు వస్తుంది. ఇంట్లోంచి పారిపోయిన ఇద్దరు అమ్మాయిలు రక్షణ కోసం వస్తారు. ఒక గూడెం పిల్లాడు సర్టిఫికెట్ కోసం వచ్చి, ఫారంలో ఏ గడిలో టిక్ పెట్టాలో తెలియక నిలబడతాడు. మన తాతల పేర్లు ఎవరో రాసిన రిజిస్టరులో ఉండేవి. ఇక మీద రిజిస్టరు, పెన్ను మీ చేతిలో ఉంటాయి. వచ్చిన మనిషిని ముందు కూర్చోమనండి, తర్వాత పేరు రాసుకోండి.